సైకిలును గూర్చి రెండు నిమిషములు
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)



ఈ మహాసభయందు నాలుగు మాటలు చెప్పుమని కార్యనిర్వాహకులు మమ్ము కోరినపుడు, మార్కండేయ మహర్షి చరిత్రమునో, భావనాఋషి మహిమనో మేము వర్ణింతుమని వారు తలచియుందురు. సంస్కృతము చదివి, బడిలో తెలుగు చెప్పి, ఉద్యోగవిరమణ పొందిన వానినుండి సభ సాధారణముగ కోరునది అదియే. కాని నేటి మా విషయము సైకిలు. అదియును, ఆంగ్లభాషలో మాటలాడు పరీక్షయందు సైకిలును గూర్చి చేయవలసివచ్చు రెండు నిమిషముల ప్రసంగము. ఇది విని నవ్వకుడు. ఆ రెండు నిమిషములకై ఎన్ని చీరల మజూరి వ్యయమగుచున్నదో ఎరిగిన తల్లిదండ్రులు ఈ సభలోనే కలరు. విదేశములకు పోగోరు విద్యార్థుల శిక్షణకై సంఘనిధినుండి అప్పులిచ్చుట అనునది ఈ యేటి తీర్మానములలో ఒకటి. ఆ తీర్మానముపై చేయి యెత్తుటకు ముందు మా విన్నపమును ఆలకింప ప్రార్థించుచున్నాము.

ఆ పరీక్ష యెట్టిదో మొదట తెలియజేయుదుము. ఐయెల్ట్స్ అను పేర 1989వ సంవత్సరమునుండి జరుగుచున్న ఈ పరీక్షకు వినుట, చదువుట, వ్రాయుట, మాటలాడుట అని నాలుగు అంగములు. మాటలాడు అంగము 11 మొదలు 14 నిమిషముల వరకు సాగును. మొదటి భాగమున పరీక్షకుడు ఊరు, ఇల్లు, పని, అలవాట్లు మొదలగు పరిచిత విషయములను అడుగును. రెండవ భాగమున ఒక చీటీ చేతికిచ్చును. దానిపై ఒక విషయమును, దానికి సంబంధించిన మూడు నాలుగు సూచనలును ఉండును. ఆలోచించుకొనుటకు ఒక నిమిషము గడువు. పిమ్మట ఒకటి రెండు నిమిషములు ఎడతెగక మాటలాడవలయును. మూడవ భాగమున ఆ విషయమునుండియే పెద్ద ప్రశ్నలు పుట్టును. సైకిలు వంటి సామాన్య వస్తువులు ఇట్టి ప్రశ్నలకు ఎంతయు అనువైనవి. చిన్ననాట మీకు సైకిలుండెనా? ఎవరు నేర్పిరి? పట్టణములలో సైకిళ్లకు వేరు బాట వేయవలయునా? ఇటువంటివి.

మార్కులు నాలుగు గుణములను బట్టి సమానముగ వేయుదురు. తడబాటు లేక పొందికగ చెప్పుట ఒకటి, పదసంపద రెండు, వ్యాకరణము మూడు, ఉచ్చారణము నాలుగు. చెప్పిన సంగతి నిజమా కల్లయా అని పరీక్షకుడు విచారింపడు. ఆంగ్లేయుని యాసయే కావలయునను నియమమును లేదు. పలికినది తేటగా తెలిసిన చాలును. కాని పరీక్షాధికారులు వెల్లడించిన శ్రేణుల వర్ణనములలో, దిగువ మెట్టున ఒక మాట కలదు: కంఠస్థము చేసినట్లు తోచు వాక్యములపై ఆధారపడుట. మా ప్రసంగమునకు ఈ మాటయే మూలము.

మన కులమునకు చెందిన ఒక అమ్మాయి ఉన్నది. తండ్రి మగ్గము నేయును, తల్లి కండెలు చుట్టును. ఆమె నర్సు విద్య ముగించి, రోగులకు పరిచర్య చేయు ఉద్యోగమునకు ఇంగ్లండు పోగోరినది. ఆ దేశపు నర్సుల మండలి, ఈ పరీక్షయందు మాటలాడు అంగమున 7 రావలయునని నియమము చేసినది. ఆమె నగరమున ఒక శిక్షణాలయమున చేరినది. వారు ఆమెకు నూరు ప్రశ్నలకు నూరు సిద్ధసమాధానములు గల నోటుపుస్తకము నొసగిరి. ఆమె రాత్రింబవళ్లు వల్లించినది. పరీక్షనాడు దైవికముగ సైకిలు ప్రశ్నయే వచ్చినది. సైకిలు పర్యావరణమునకు హితమైనది, దేహమునకు ఆరోగ్యమును చేకూర్చును, వీధులలో రద్దీని తగ్గించును అని ఆమె గుక్క తిప్పుకొనక ఒప్పజెప్పినది. పరీక్షకుడు చిరునవ్వుతో ఒక చిన్న ప్రశ్న వేసెనట: "మీ సైకి లిపుడెక్కడ నున్నది?" నోటుపుస్తకములో దీనికి జవాబు లేదు. ఆమె నోరు పెగలలేదు. ఫలితము వచ్చినపుడు మాటలాడు అంగమున 5.5 మాత్రమే వచ్చినది.

ఆమెయు తండ్రియు మా ఇంటికి వచ్చిరి. మేమును అదే ప్రశ్నను తెలుగులో అడిగితిమి. "అమ్మా, నిజముగా నీ సైకిలెక్కడ ఉన్నది?" ఆమె తలవంచుకొని, "మా అమ్మ రాట్నంలో ఉన్నదండీ మాస్టారూ. ఆ మాట చెప్పుటకు నాకు సిగ్గువేసినది," అనెను.

సోదరులారా! మన నేతపేటలలో ఆ రాట్నమును ఎరుగనివారు లేరు. పాత సైకిలు చక్రమును కొయ్య చట్రమున నిలిపి, దాని అంచునుండి కదురునకు త్రాడు తగిలించి, చేతితో త్రిప్పుచు మన ఆడవారు నూలును చిలపలనుండి కండెలకు చుట్టుదురు. ఆ అమ్మాయి కథ ఆ తరువాత ఒక్కొక్కటిగ బయటపడినది. తండ్రి పాత సైకిలొకటి కొని తెచ్చెను. సీటు అందని వయస్సున, త్రికోణపు చట్రము నడుమ కాలు దూర్చి తొక్కుట నేర్చుకొన్నది. తమ్ముని వెనుక క్యారియరుపై కూర్చుండబెట్టుకొని ఐదు కిలోమీటర్ల దూరపు బడికి పోయెడిది. పదవ తరగతి పరీక్షనాడు చెరువుకట్టపై గొలుసు ఊడినది. పుల్లతో ఎక్కించి, చేతులు తుడుచుకొన తీరిక లేక పరీక్షకు పోగా, జవాబుకాగితముపై నల్లని వ్రేలిగుర్తు పడినది. కొన్నేండ్లకు చట్రము విరిగినది. ముందుచక్రము పాతయినుము వానికి పోయినది. వెనుకచక్రము రాట్నమునకు చేరినది. ఆ చక్రముతో చుట్టిన కండెల నేతవల్లనే ఆమె చదువు సాగినది.

ఇంత సంపద ఇంటనుండగా, ఆ పిల్ల ఎవరో వ్రాసిన పర్యావరణపు మాటలను అరువు తెచ్చుకొన్నది. తన చక్రమును దాచి, పరుల వాక్యమును చూపినది. పరీక్ష చెడుటకు ఆంగ్లము రాకపోవుట కారణము కాదు. తన బ్రతుకు చెప్పదగినది కాదను సిగ్గు కారణము. ఆ సిగ్గును ఆమెకు ఎవరు నేర్పిరి? శిక్షణాలయమును నిందించుట సులభమే. కాని ఆమె చిన్న తరగతులలో మా యొద్దనే చదివినది. ఆవును గూర్చి వ్యాసము వ్రాయుమన్నపుడు, మీ ఇంటి ఆవు ఏ రంగుది, ఎపుడు ఈనినది అని మేము అడిగి యెరుగము. ఆవు సాధుజంతువు, దానికి నాలుగు కాళ్లు కలవు అని నల్లబల్లపై వ్రాసి నలుబది మంది చేత వల్లింపజేసితిమి. ఏ పిల్లవాడైనను తన మాట కలిపినచో ఎర్రసిరాతో కొట్టివేసితిమి. నోటుపుస్తకమును అమ్మిన వాడు మా విద్యనే వెల గట్టి అమ్మినాడు. ఈ దోషమును మేము ఈ సభాముఖమున ఒప్పుకొనుచున్నాము.

మేము చదివిన శాస్త్రములే మమ్ము ముందుగ హెచ్చరించియుండవలసినది. పాణినీయశిక్ష అధమపాఠకులను ఆరుగురిని లెక్కించినది. రాగము తీయువాడు, తొందరపడువాడు, తల ఊపువాడు, వ్రాతను చూచి చదువువాడు, అర్థ మెరుగనివాడు, గొంతు పెగలనివాడు. ఆ నోటుపుస్తకము మన బిడ్డను ఒకే దినమున ఇందులో ముగ్గురిని చేసినది. మొదట తొందర, పిదప వ్రాతపై ఆధారము, తుదకు గొంతు పెగలకుండుట.

మరియు, పదముల కూర్పు వాక్యమగుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును కావలయునని శాస్త్రకారులు చెప్పిరి. ఒక పదము మరియొక పదమును కోరుట ఆకాంక్ష. నిప్పుతో తడుపుచున్నాడు అనక, నీటితో తడుపుచున్నాడు అనుట యోగ్యత. జామునకొక పదము చొప్పున పలుకక, వెంటవెంట పలుకుట సన్నిధి. పరీక్షాధికారులు కోరునదియు దీనికి చాల దూరము కాదు. వ్యాకరణమున ఆకాంక్షయు, పదముల ఎన్నికలో యోగ్యతయు, తడబాటు లేని ధోరణిలో సన్నిధియు, ఉచ్చారణమున శిక్షాశాస్త్రమును మాకు కనబడుచున్నవి. వీనికన్నిటికి ముందు ఉండవలసినది వివక్ష. ఈ పదమునకు నేటి తెలుగులో, ఒకరిని తక్కువగ చూచుట అను అర్థము రూఢమైనది. సంస్కృతమున దీని అర్థము పలుకవలెనను కోరిక. మన బిడ్డలు మొదటి వివక్షకు వెరచి రెండవ వివక్షను పోగొట్టుకొనుచున్నారు. నేతవాని కూతురని లోకువ చేయుదురేమో అను భయమున, చెప్పవలెనను కోరికయే చచ్చుచున్నది.

మాకు ఆంగ్లము చదువ వచ్చును గాని నోట ధారాళముగ తిరుగదు. కావున మా మిత్రుడగు ఒక విశ్రాంత ఆంగ్లోపాధ్యాయుని పిలుచుకొంటిమి. నలుబది సాయంకాలములు మా అరుగుపై ఆ అమ్మాయి చేత మాటలాడించితిమి. క్రమము ఇది. మొదట సంగతిని తెలుగులో చెప్పవలయును. పిమ్మట చిన్న చిన్న ఆంగ్లవాక్యములలో చెప్పవలయును. ఒక నిమిషము గడువులో ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏమి జరిగెను, ఏల గుర్తున్నది అను ఐదింటికి ఐదు మాటలు మాత్రమే కాగితముపై వ్రాసికొనవలయును; వాక్యము వ్రాయరాదు. తరువాత గడియారము చూచి రెండు నిమిషములు ఆగక చెప్పవలయును. తప్పు దొర్లినను నడుమ దిద్దము. ముగిసిన పిదప రెండు తప్పులను మాత్రమే చూపుదుము. మరునాడు అదే సంగతిని వేరు మాటలతో చెప్పించుదుము. ఒకే మాటలు తిరిగి వచ్చినచో, "కంఠస్థ మగుచున్నదమ్మా, జాగ్రత్త" అని హెచ్చరించుదుము. గొలుసును, కదురును, కండెను ఆంగ్లమున ఏమందురో ఆమె వెదకి తెచ్చుకొన్నది. తనకు కావలసి వెదకిన పదము మరల మరువలేదు.

మూడవ భాగపు పెద్ద ప్రశ్నలకు లోకజ్ఞానము కొంత కావలయును. దానిని కూడ సైకిలునుండియే మొదలిడితిమి. ఆంగ్లపు బైసికిల్ అను పదమున ముందుభాగము లాటినుది, వెనుకభాగము గ్రీకుది. ఆ రెండును మన ద్వి, చక్ర శబ్దములకు జ్ఞాతులే. కనుక బైసికిల్ అన్నను ద్విచక్రమన్నను మూలమున ఒకే ఇంటి పేరు. ఇది చెప్పగా ఆ అమ్మాయి మొగమున మొదటిసారి నవ్వు చూచితిమి. 1817లో జర్మనీ దేశమున కార్ల్ డ్రైస్ అనువాడు రెండు చక్రముల బండిని నడపెను. దానికి తొక్కుడు పలకలు లేవు. నేలను కాళ్లతో తన్నుచు పోవలయును. 1885లో ఇంగ్లండునందలి కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ వెనుకచక్రమును గొలుసుతో త్రిప్పు రోవర్ సైకిలును వెలువరించెను. 1888లో బెల్‌ఫాస్టునందు డన్‌లప్ గాలి నింపిన టైరునకు పేటెంటు పొందెను. మన దేశమున స్వాతంత్ర్యానంతరము 1951లో సోనీపట్‌లో అట్లాస్ వారును, 1956లో లుధియానాలో హీరో వారును సైకిళ్ల నిర్మాణము ప్రారంభించిరి.

బాలికకు సైకిలు వలన కలుగు మేలేమి అని అడిగినచో ఏమి చెప్పవలయును? బీహారు ప్రభుత్వము 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్ల పథకము నారంభించినది. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు దాని ఫలితములను పరిశోధించి 2017లో ప్రకటించిరి. ఆ పథకము వలన ఉన్నత పాఠశాలలో బాలికల చేరిక 32 శాతము పెరిగెననియు, బాలబాలికల నడుమ అంతరము 40 శాతము తగ్గెననియు వారు తేల్చిరి. ఈ లెక్కను మా శిష్యురాలు వినినపుడు, "బడి దూరమని మానిన పిల్లలు మా పేటలో ముగ్గురున్నారండీ. నేను మానకపోవుటకు సైకిలే కారణము," అనెను. లెక్కకు ప్రాణము వచ్చినది. పట్టణపు బాటల ప్రశ్నకును ఇట్లే. హైదరాబాదు వెలుపలి వలయ రహదారి ప్రక్కను, పైన సూర్యశక్తి పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాటను 2023 అక్టోబరులో తెరచిరి. అది మంచిదే. కాని చీరలమూటను క్యారియరుపై కట్టి సంతకు పోవు మా తండ్రివంటి వానికి ఆ బాట దారిలో లేదు. అతనికి ఊరిరోడ్డు అంచున రెండు మూరల చోటు చాలును అని ఆమె స్వయముగ చెప్పినది. ఇట్టి మాట ఏ నోటుపుస్తకమున దొరకును?

ఫలితమును దాచక చెప్పుదుము. రెండవసారి ఆమెకు 6.5 వచ్చినది. అరమెట్టు తక్కువ. తండ్రి ఆ రాత్రి అన్నము ముట్టలేదు. మరల కూర్చుంటిమి. మూడవసారి 7 వచ్చినది. మూడవసారి ప్రశ్న సైకిలు కాదు. తాను మెచ్చిన ఒక వ్యక్తి. ఆమె చింతకింది మల్లేశముగారిని గూర్చి చెప్పినదట. తల్లి ఆసుపోయుచు పడు చేతినొప్పిని చూడలేక ఆసుయంత్రమును కల్పించి, 2017లో పద్మశ్రీ పొందిన మన కులజుడు. ఆసు అననేమి అని పరీక్షకుడు అడుగగా, ఆమె లేచి నిలువకయే చేతులతో గాలిలో నూలుపోసి చూపినదట. సిగ్గు పోయినదనుటకు వేరు నిదర్శనము అక్కరలేదు.

పెద్దలలో కొందరు, పిల్లలందరు ఆంగ్లము నేర్చి దేశములు పట్టిపోయిన మగ్గము గతి యేమని అడుగుదురు. ఆ భయము తగనిది కాదు. కాని మగ్గమునకు గిట్టుబాటు కలుగజేయుట వేరొక తీర్మానపు పని. పిల్లల నోరు కట్టివేసి మగ్గమును నిలుపజాలము. ఏ భాషలోనైనను తన ఇంటిని గూర్చి తలయెత్తి చెప్పగలవాడే ఆ ఇంటిని మరువక యుండును.

కావున తీర్మానమునకు మేము మూడు సవరణలను కోరుచున్నాము. మొదటిది: సిద్ధసమాధానముల నోటుపుస్తకములు అమ్ము చోట్లకు సంఘనిధి పోరాదు, పరీక్షరుసుము కట్టలేని వారికి ఆ రుసుమునకు మాత్రము అప్పు ఇవ్వవలయును. రెండవది: మన విద్యార్థి వసతిగృహమున ప్రతిదినము సాయంకాలము ఒక గంట సంభాషణగోష్ఠి జరుపవలయును. మనలో ఉద్యోగవిరమణ పొందిన ఆంగ్లోపాధ్యాయులు వారమునకొకరు వచ్చిన చాలును, మేమును వత్తుము. దీనికి వలయు వ్యయము ఒక గడియారము, ఒక దీపము. మూడవది: ఆ గోష్ఠికి మగపిల్లలవలెనే ఆడపిల్లలును రావలయును. రాత్రి ఇండ్లకు చేర్చు బాధ్యత సంఘము వహింపవలయును. తల్లులును వచ్చి కూర్చుండి ప్రశ్నలు వేయవలయును. పరీక్షకుడు అడుగు ప్రశ్నలు తల్లులు అడుగువానికంటె కఠినములు కావు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. మీ బిడ్డ ఈ పరీక్షకు పోవునెడల, నేటి రాత్రి మీ ఇంటి సైకిలు కథను వానికి చెప్పుడు. ఎపుడు కొంటిరి, ఎంత అప్పు చేసితిరి, దానిపై ఏయే ఊళ్లకు మూట మోసితిరి, వానలో నూలు తడియకుండ ఎట్లు కాపాడితిరి, సర్వము చెప్పుడు. వాడు దానిని ఆంగ్లమున చెప్పుకొనును. ఆ భాష వాడు నేర్చును. ఆ కథను మాత్రము మీరే ఈయవలయును.

మా మాటలలో పెద్దలకు నొప్పి కలిగించిన దేమైన నున్న మన్నింతురు గాక. మన పిల్లలు వాగ్మిత్వము కలవారై వర్ధిల్లుదురు గాక!

స్వస్తి.